చెవి అందిన పిల్ల

పోయిన నెల పుంగనూరు దగ్గరి ఒక పల్లెకు, మునెమ్మ చనిపోయిన పదకొండో రోజు జరిగే దివసాలకు పోయి వచ్చాను. మునెమ్మ నాకు చుట్టం కాదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఆ పల్లె ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, తన కూతురు రెడ్డెమ్మను బడిలో వేయడానికి వచ్చిన తల్లి. ఆ రెడ్డెమ్మే తర్వాత మన దేశపు మహిళల ఫుట్‌బాల్ జట్టులో మధ్య వరుసలో ఆడింది. ఆ మధ్యాహ్నం వడ్డన మొదలయ్యే ముందు రెడ్డెమ్మ వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. "అమ్మ ఆఖరిదాకా ఒకే మాట అంటానే ఉండె మేడమ్. నీ తొలి ఆట నేనే సెరిపేసినాను పాపా, టీచరమ్మను బతిమాలి ఒక ఏడు ఎక్కువ రాయించినాను అని," అంది. నేను ఆమె చేయి పట్టుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త కాదు. ఆ విషయంలో ఇరవై ఏళ్ళకు పైగా ఊరుకునే ఉన్నాను. మదనపల్లెలో ఇంటికి వచ్చాక ట్రంకుపెట్టె తెరిచి ఆనాటి డైరీలు తీశాను. రెడ్డెమ్మకు చిన్న వయసులో దేశం తరఫున ఆడే అవకాశం ఒకటి వచ్చి తప్పిపోయింది. అది ఎవరి వల్ల తప్పిపోయిందో అప్పటిదాకా నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

డైరీ రాయడం మా నాయన నేర్పాడు. ఆయన తపాలా ఉద్యోగి. సాయంత్రం ఇంటికి రాగానే బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, నుదుట విభూతి పెట్టుకుని, పడసాలలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. వంటింట్లో అమ్మ పెట్టే తాలింపు వాసన ఇల్లంతా నిండే వేళకు ఆయన డైరీలో నాలుగు వాక్యాలు రాసి మూసేసేవాడు. వాన పడితే ఎంతసేపు పడిందో, ఇంటికి ఎవరు వస్తే ఎందుకు వచ్చారో, అంతే. నాకు పదో ఏట ఒక పుస్తకం కొనిచ్చి ఇలా అన్నాడు: "జరిగింది రాయమ్మా. అనుకున్నది రాయొద్దు. సిగ్గుపడే పని చేసింటే రాయకుండా వదిలేయి గానీ, మార్చి మాత్రం రాయొద్దు." ఆ మాట నేను తప్పలేదు. నా డైరీల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. నేను చెప్పబోయే అబద్ధం నోటితో చెప్పింది.

ఆ పల్లె బడికి రెండు గదులు, ముందు ఒక వసారా. చేర్పుల రిజిస్టరు నా చేతిలో ఉండేది. ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లల పుట్టినరోజు ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు కాదు, కాగితాలు ఉండవు. అందుకని బిడ్డ కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోమనేవాళ్ళం. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు, అందకపోతే మరుసటి ఏడు రమ్మనేవాళ్ళం. ఐదు నిండినవాళ్ళంతా జూన్ నెలలో పుట్టినట్టే రిజిస్టరులో రాసేవాళ్ళం. మా బడిలో సగం మంది పిల్లలు ఒకే నెలలో పుట్టారు.

చెనక్కాయ చేలల్లో కలుపు తీసే కాలంలో మునెమ్మ వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది, చేతులకు ఇంకా ఎర్రమట్టి ఉంది. వెనక చీర కుచ్చిళ్ళు పట్టుకుని పొడుగు చేతుల పిల్ల.

"టీచరమ్మా, బిడ్డిని బడిలో ఏసుకోండమ్మా. చేన్లో కలుపు తీస్తాండాం. గెనం గట్టు మీద కూర్సోబెడితే ఎండ, పురుగూ పుట్రా. ఇంట్లో సూసుకునేవాళ్ళు ఎవురూ లేరు."

"ఎన్నేళ్ళు పాపకు?"

"నాలుగు నిండినాయి. ఐదు జరుగుతాండాది. మా సెరువు నిండి మరవ పారిన ఏడు పుట్టింది. బిడ్డి కావాలని రెడ్డెమ్మ కొండకు పోయి వరపడినాక పుట్టింది, ఆయమ్మ పేరే పెట్టుకున్యాం."

"ఐదు నిండాలి కదమ్మా. వచ్చే ఏడు తీసుకురా."

"వచ్చే ఏటికి బిడ్డి ఉండాల గదమ్మా! మొన్న గెనం కిందనే పాము పాయె," అంది. ఏడవలేదు, గట్టిగా కూడా అనలేదు.

నేను పిల్లను చెవి అందుకోమన్నాను. రెడ్డెమ్మ చేయి తల మీదుగా వచ్చి చెవిని అందుకోవడమే కాదు, దాన్ని మడిచి పట్టుకుని నా వైపు చూసి నవ్వింది. నేను ఐదు నిండినట్టు రాసేశాను. ఆ సాయంత్రం డైరీలో రాసింది ఇది: "రెడ్డెమ్మ అనే పిల్లను చేర్చుకున్నాను. తల్లి నాలుగు నిండింది, ఐదు జరుగుతోంది అంది. తల్లి చెప్పిందే నిజమని నాకు తెలుసు. చెవి అందింది కాబట్టి ఐదు నిండినట్టు రాశాను. తప్పే. కానీ పిల్ల గట్టున కూర్చోవడం కంటే ఇది నయం." ఆ పిల్ల నా తరగతిలో మొదటి వరుసలో కూర్చుని, మధ్యాహ్నం పలక మీద తల పెట్టి నిద్రపోయేది. కొన్నాళ్ళకు నేను పరీక్షలు రాసి లెక్కల టీచరుగా మదనపల్లె బాలికల ఉన్నత పాఠశాలకు వచ్చేశాను.

ఆరో తరగతికి రెడ్డెమ్మ మదనపల్లెకే వచ్చి హాస్టల్లో చేరింది. మా బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు సెల్వం సార్. కుప్పం మనిషి. ఆయన తండ్రి రాష్ట్ర సరిహద్దు అవతల బంగారు గనుల్లో పనిచేసి అక్కడే ఫుట్‌బాల్ ఆడినవాడు. అందుకే మా జిల్లాలో ఆడపిల్లలంటే ఖో-ఖో, కబడ్డీ అనుకునే కాలంలో సెల్వం సార్ వాళ్ళ ముందు తోలుబంతి పడేశాడు. ఆడపిల్లల జట్టు ఊరు దాటాలంటే ఒక టీచరమ్మ వెంట ఉండాలన్నది నిబంధన. ఆ పని నాకు పడింది. ఆటలో నాకు ఓనమాలు తెలియవు. నోటుపుస్తకం పట్టుకుని గట్టున కూర్చునేదాన్ని. లెక్కల టీచరును కదా, ఏదో ఒకటి లెక్కపెట్టకపోతే తోచదు. ఏ పిల్ల కాలికి బంతి ఎన్నిసార్లు వచ్చింది, అందులో ఎన్నిసార్లు మన జట్టు పిల్లకే చేరింది అని గీతలు గీసేదాన్ని. వారం తిరగకముందే రెడ్డెమ్మ గీతలు పేజీ దాటిపోయాయి.

సెల్వం సార్‌కు చూపిస్తే నవ్వాడు. "మేడమ్, బంతి యాడుంటే ఆడికి పరిగెత్తేది పిల్లకాయలాట. ఈ పాప బంతి యాడికి పోబోతాదో ఆడికి ముందే పోయి నిలబడతాది. యాడ నేర్చుకున్యావు పాపా అంటే ఏం చెప్పిందో తెలుసా? గొర్రెల కాడ అనింది. మందకు ముందర నడిస్తే ఎనకది కనపడదంట, ఎనక నడిస్తే ముందరిది కనపడదంట. మధ్యలో ఉంటే ఏది తప్పిపోతాదో తెలుస్తాదంట."

"మరి గోల్ కొట్టేది ఎవరు సార్?"

"ఎవురో కొడతారు మేడమ్. కొట్టినోళ్ళ పేరు పేపర్లో పడతాది. ఈ పాప పేరు పడదు. కానీ ఈ పాప లేకపోతే పేపర్లో ఎవురి పేరూ పడదు."

ఉదయం హాస్టల్ నుంచి మైదానానికి పోయే దారిలోనే మా ఇల్లు. ఆట అయిపోయాక రెడ్డెమ్మ మా ఇంట్లో రాగిజావ తాగి బడికి పోవడం అలవాటైంది. మా అత్తగారికి మొదట ఆ పిల్లంటే పడేది కాదు. తెల్లవారి మడిబట్ట కట్టుకుని తులసికి నీళ్ళు పోసే ఆమెకు, మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ముతో, నిక్కరుతో ఒక ఆడపిల్ల వాకిట్లోకి రావడం అపశకునంలా ఉండేది. "వచ్చింది మీ నిక్కర్ల పాప! ఆడనే నిలబడమను. మొగపిల్లోళ్ళ మాదిరి ఆ ఎగరడం యాలనో," అనేది. రెడ్డెమ్మ వెనక్కి తగ్గేది కాదు. "అవ్వా, మీరు తులిసెమ్మ సుట్టూ తిరగతాండారు, నేను గ్రౌండు సుట్టూ తిరగతాండాను. ఇద్దరమూ తిరిగేదే గదా," అనేది. ఒక ఏడాది గడిచాక చూస్తే, రాత్రే పిండి నానబెట్టి, ఉదయం జావలో మజ్జిగ పోసి, నూరిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టి, చెంబు మూతేసి ఉంచేది మా అత్తగారే. పిల్ల రావడం ఆలస్యమైతే వాకిట్లోకి మూడుసార్లు పోయి చూసేది. సెలవులకు పల్లెకు పోయి వచ్చేటప్పుడు రెడ్డెమ్మ తన తల్లి పంపిన చెనక్కాయలు తెచ్చేది. పచ్చికాయల మట్టివాసన మా వంటింట్లో రెండు రోజులు నిలిచేది.

జిల్లా జట్టు, తర్వాత రాష్ట్ర జట్టు. వాటి వెంట నేనూ తిరిగాను. ఆ ప్రయాణాలన్నీ డైరీల్లో ఉన్నాయి. తొమ్మిది గడిచి పదో తరగతిలో ఉండగా ఒక ఉదయం సెల్వం సార్ మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఉత్తరం. దేశపు జూనియర్ జట్టు శిబిరానికి రెడ్డెమ్మ ఎంపికైంది. శిబిరంలో నిలిస్తే విదేశంలో టోర్నమెంటు. మా అత్తగారు చక్కెర డబ్బా తెచ్చి ఆయన నోట్లో ఒక చెంచా పోసింది. ఆయన నమిలి మింగి, "ఒకటే తకరారు మేడమ్," అన్నాడు. జట్టుకు వయసు పరిమితి ఉంది. బడి సర్టిఫికెట్ ప్రకారం రెడ్డెమ్మ ఆ పరిమితిని మూడు నెలలు దాటింది. "కానీ వాళ్ళమ్మ లెక్క వేరే ఉండాది. ఏడాది తక్కువంట. చేర్చుకునింది మీరే కదా మేడమ్?"

"నేనే," అన్నాను.

ఆ వారం నాకు బాగా గుర్తుంది. సెల్వం సార్, నేను, రెడ్డెమ్మ ముగ్గురం ముందు పల్లె బడికి పోయాం. అక్కడ అప్పుడున్న హెడ్మాస్టరు మంచివాడు, పిల్ల బాగుపడాలన్న తొందర ఉన్నవాడు. రిజిస్టరు బయటకు తీసి, "ఒక గీత పని మేడమ్. మీ రాతే కాబట్టి మీరే దిద్దండి, నేను సంతకం పెడతాను. ఎవురు సూడొచ్చినారు?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ప్రభుత్వ పుస్తకంలో దిద్దడం నేరమని చెప్పాను. రెడ్డెమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. తిరుగు ప్రయాణంలో, "మేడమ్ చెప్పింది సరే సార్. దొంగరాతతో పోతే ఆడ బంతి సక్కంగా తగలదు," అంది సెల్వం సార్‌తో. అప్పుడు నాకు గర్వం కలిగింది. ఇది చదివేవాళ్ళు నన్ను అక్కడికే మెచ్చుకుంటే నేను మోసం చేసినట్టు. అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

తర్వాత ముగ్గురం చిత్తూరు విద్యాశాఖ ఆఫీసుకు పోతే అక్కడి అధికారి మంచిగానే మాట్లాడాడు. వయసు దిద్దడానికి మార్గం ఉందన్నాడు. చేర్చుకున్న రోజుల్లో రాసిన కాగితం ఏదైనా, ఆ టీచరు వాంగ్మూలంతో సహా తెస్తే వారంలో ఉత్తర్వు ఇస్తానన్నాడు. వరండాలోకి రాగానే సెల్వం సార్ నా ముందు నిలబడ్డాడు. "మేడమ్, మీరు రోజూ ఏదో రాస్తానే ఉంటారు కదా. ఆనాటిది ఏమైనా ఉండాదా? ఒక్క ముక్క సాలు. మిగతాది నేను కాళ్ళు పట్టుకోనైనా సాధిస్తా."

ఉంది. ఆ ముక్క మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. "తల్లి చెప్పిందే నిజమని నాకు తెలుసు" అని నా రాతలోనే ఉంది. దాన్ని అధికారి బల్ల మీద పెడితే పిల్ల వయసు సరి అవుతుంది, నేను తెలిసి తెలిసి తప్పుడు వయసు రాశానన్నదీ రుజువవుతుంది. అప్పుడే హెడ్మిస్ట్రెస్ పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. సంజాయిషీ అడుగుతారు, పేరు తీసేస్తారు, రిజిస్టరు పవిత్రమని పల్లెలో అంత గొప్పగా మాట్లాడిన మనిషి ఇదా అని నవ్వుతారు. ఇదంతా అనుకోవడానికి నాకు పట్టిన సమయం ఒక ఊపిరి. "అప్పటివి ఏమీ లేవు సార్," అన్నాను.

రెడ్డెమ్మ నా ముఖం వైపు చూడలేదు, నమ్మింది. ఆ సాయంత్రం డైరీలో వాన పడిందని మాత్రం రాశాను. మిగతాది మా నాయన చెప్పినట్టు వదిలేశాను.

రెండు రోజులకు మునెమ్మ బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే కూర్చుంది. "అంతా నా వల్లనే టీచరమ్మా. ఆ పొద్దు మిమ్మల్ని అంతగా బతిమాలకపోయింటే మీరు ఎక్కువ రాసేవాళ్ళే గాదు. నా బిడ్డి కాలికి నేనే అడ్డం పడినాను." మా అత్తగారు ఆమెకు నీళ్ళిచ్చి, "నువ్వేం సేస్తావులే మునెమ్మా, రాత అట్లుండాది," అంది. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. నీ తప్పేమీ లేదు అని ఒక్క మాట అనడానికి నోరు తెరిస్తే, దాని వెనక మిగతాదంతా వచ్చేస్తుందని భయం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని తిరుగు బస్సుకు లేచిపోయింది. తర్వాతి ఏడు నాకు పదోన్నతి వచ్చింది.

శిబిరం రెడ్డెమ్మ లేకుండానే జరిగింది. ఆ రోజుల్లో ఆడపిల్లల జట్టుకు మ్యాచులే తక్కువ. ఒక అవకాశం పోతే ఇంకొకటి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. రెడ్డెమ్మ పల్లెకు పోయి ఒక ఏడాది చేలో పనిచేసింది, కొన్నాళ్ళు మా ఊరి టమోటా మార్కెట్లో కాయలు ఏరింది. బంతి ముట్టలేదు. చివరికి కుప్పానికి బదిలీ అయిన సెల్వం సార్ ఆమెను తీసుకుపోయి అక్కడ కాలేజీలో చేర్చి, రైలుకట్ట పక్కన మైదానంలో మగపిల్లలతో ఆడించాడు. పెద్దల జట్టు పిలుపు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. తొలి మ్యాచు ముగిశాక ఆమె ఏదో ఊరి ఫోన్ బూత్ నుంచి మా ఇంటికి ఫోన్ చేసింది. గెలిచారా అని అడిగాను. "ఓడిపోయినాం మేడమ్. కానీ మీరుంటే గీతలు గీయను పేజీ సాలేది కాదు," అంది. టీవీలో రాలేదు. మా జిల్లా పేపర్లో జట్టు ఫొటో వేశారు, కింద పేర్ల వరుసలో ఆమె పేరు లేదు. మూడేళ్ళు ఆడింది. తర్వాత మోకాలు తిరిగిపోయింది. ఆడుతూనే సంపాదించిన ఉద్యోగం నిలిచింది, ఆట నిలవలేదు. ఇంకో నాలుగేళ్ళు ముందు మొదలుపెట్టి ఉంటే ఆ కాళ్ళు ఎంత ఆడేవో నాకు తెలియదు. ఎంత లెక్కపెట్టినా అది తేలే లెక్క కాదు.

ఇప్పుడు బిడ్డ పుట్టిన రోజే కాగితం వస్తుంది. ఎవరూ చెవి పట్టి చూడరు. మా వీధి ఆడపిల్లలు నిక్కర్లతో సైకిళ్ళ మీద కోచింగుకు పోతుంటే ఏ అవ్వా అడ్డం నిలబడదు, వాళ్ళ మ్యాచులు ఫోనులోనే చూస్తున్నాం. అప్పటి కంటే ఇప్పుడు మేలు అనడానికి నాకు సందేహం లేదు. అప్పుడు ఒక పిల్ల వయసు ఒక టీచరు దయ మీద, ఆ తర్వాత అదే టీచరు భయం మీద ఆధారపడేది. ఆ రెండూ నావే. దయ మాత్రమే ఊరందరికీ తెలిసింది.

దివసాలైన పది రోజులకు డైరీ సంచిలో పెట్టుకుని కుప్పం బస్సెక్కాను. రెడ్డెమ్మ సెలవు రోజుల్లో అక్కడి ఆడపిల్లలకు ఆట నేర్పుతుంది. నేను పోయేసరికి మైదానంలో ఇరవై మంది దాకా ఉన్నారు. ఆమె నాకు ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, "ఎండలో యాల వచ్చినారు మేడమ్, ఫోన్ చేసింటే నేనే వస్తా గదా," అంది. నేను పేజీ తెరిచి చేతికిచ్చి, ఆనాడు చిత్తూరు వరండాలో చెప్పిన అబద్ధం గురించి చెప్పాను. పదోన్నతి గురించి చెప్పాను. ఏదీ తగ్గించలేదు. ఆమె నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కోపం వస్తుందని, ఏడుస్తుందని, పోనీలే మేడమ్ అంటుందని, మూడింటికీ సిద్ధపడి వచ్చాను.

"అమ్మ నాలుగనే చెప్పిండాదే," అంది.

"అవును. ఆమె నిజమే చెప్పింది. ఐదని రాసింది నేను."

"ఆయమ్మ తానే ఎక్కువ చెప్పినానేమో అనుకుంటా ఉండె మేడమ్, కడాకు వచ్చేసరికి. నా నోటితో నేనే ఐదని చెప్పినట్టుండాది పాపా అనేది. నేను గూడా అట్లనే అనుకున్యా." డైరీ మూసి, పైన అంటిన దుమ్మును అరచేత్తో తుడిచి నా ఒడిలో పెట్టింది. "నాకు పోయిన ఆట పోయింది మేడమ్. నేను ఆడిన కాడికి ఆడినాను. ఈ రెండు ముక్కలూ అమ్మకు సదివి ఇనిపించింటే సాలు. పుంగనూరు నుంచి పది కిలోమీటర్లు లేదు మా ఊరు, మీరు పుంగనూరు దాకా ఎన్నోసార్లు వచ్చింటారు."

వచ్చాను. ఎన్నిసార్లు వచ్చానో నా డైరీల్లో ఉంది.

అవతల పిల్లలు "అక్కా, అక్కా" అని పిలుస్తున్నారు. ఆమె నాకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చి, మంచి మోకాలి మీద బరువు వేసి మెల్లగా మైదానంలోకి పోయింది. నేను ఆట ముగిసేదాకా కూర్చున్నాను. తిరిగి వచ్చి పక్కన కూర్చుంటుందేమో అనుకున్నాను. రాలేదు. బస్సు వేళకు ఒక పిల్లను తోడిచ్చి స్టాండుకు పంపింది.